పస్కా ఇంటి అరుగు మీద

బోధన్ పోయి వచ్చానంటే మా గల్లీ ఆడవాళ్ళు నవ్వారు. "గది గూడ ఒక ప్రయాణమేనా అక్కా? బస్సుల కునుకు తీసి లేస్తే వచ్చేస్తది" అన్నారు. నిజమే, నిజామాబాద్ నుంచి బోధన్ దూరమేమీ కాదు. కానీ ఈ ఏడు నేను పోయి వచ్చిన ఇంటికి మీలో ఎవరూ పోలేదు. అందుకని చెబుతున్నాను. నాకు సంతకం వరకే చదువు. నేను చెబుతుంటే మా అన్న బిడ్డ రాస్తోంది.

ఎందుకు పోయానో ముందు చెప్పాలి. మా ఆయన దావీదు బోధన్ మట్టిలో ఉన్నాడు. చక్కెర మిల్లులో బండ్ల మీది చెరుకు దించే పని ఆయనది. సీజన్ నడుస్తుండగానే జ్వరం వచ్చి పోయాడు. ఊరి బయట మా క్రైస్తవుల సమాధుల తోటలో పెట్టాము. తర్వాత నేను నిజామాబాద్‌లో మా అన్న పంచన చేరి, దవాఖానలో ఆయాగా కుదిరాను. మాకు కొడుకులు లేరు. ఒక్కతే బిడ్డ, సుగుణ. బోధన్‌ను ఆనుకున్న పల్లెలోనే ఇచ్చాము.

యేసు సమాధిలో నుంచి లేచిన పండుగ, ఈస్టర్ వస్తే మా వాళ్ళు ఏం చేస్తారో తెలియని వాళ్ళకు చెబుతాను. శనివారం నాడు తోటకు పోయి గడ్డి పీకి, సమాధికి సున్నం వేస్తాము. ఆదివారం ఇంకా చీకటి ఉండగానే పోయి క్రొవ్వత్తులు వెలిగించి పాటలు పాడతాము. తెల్లారేసరికి తోట అంతా తెల్లగా, దీపాలతో పెళ్ళిల్లు లాగా ఉంటుంది. మా ఆయన పోయినప్పటి నుంచి ప్రతి ఏడూ నేను, సుగుణ కలిసే ఈ పని చేశాము. ఆ తోట చిన్నది. సున్నం పడని సమాధి రెండు వానలకు నేలలో కలిసిపోతుంది. ఎవరూ రావడం లేదని తెలిస్తే ఆ జాగా ఇంకొకరికి ఇచ్చేస్తారు. నా మోకాళ్ళు ఇప్పటికే మాట వినడం లేదు. నా తర్వాత ఆయనకు సున్నం వేయవలసింది సుగుణ ఒక్కతే.

పోయిన ఈస్టర్ అయిన కొన్నాళ్ళకు మా అల్లుడు ఆశీర్వాదం కొత్త సంఘంలో చేరాడు. వాళ్ళకు ఈస్టర్ లేదు. పస్కా ఉంది. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసలుగా ఉన్న ఇశ్రాయేలీయులు బయటపడ్డ రాత్రి పండుగ, చంద్రుణ్ణి చూసి లెక్క కట్టే పండుగ. యేసు చేసింది అదే, మనమూ అదే చేయాలంటారు. చలికాలంలో సుగుణ వచ్చినప్పుడు తల వంచుకుని, "ఈసారి ఈస్టర్ మా ఇంట్ల లేదవ్వా" అంది. దాని నోట పలికింది వాడి మాటే అనుకున్నాను. పోయి వాణ్ణి నిలదీసి, బిడ్డను చేయి పట్టుకుని తోటకు తీసుకుపోవాలని బయలుదేరాను.

మోస్రా దారిలో

నేరుగా పోకుండా మోస్రా మీదుగా పోయాను. మా ఆడబిడ్డ మార్తమ్మ అక్కడ ఉంటుంది, ఆమెతో ఒక మాట చెప్పుకుందామని. బస్టాండు ఎదుట బేకరీలో మనవరాళ్ళకు తీపి బన్నులు తీసుకున్నాను. పక్క కొట్లో రెండు క్రొవ్వత్తుల పొట్లాలు. పోయినేటి కంటే ఒత్తి సన్నగా ఉంది, ధర మాత్రం లావైంది. కొట్టువాణ్ణి అడిగితే, "వెలుగు గంతనే ఉంటది తియ్యమ్మా" అన్నాడు.

బస్సులో నా పక్కన బుర్ఖా వేసుకున్న పెద్దావిడ కూర్చుంది. ఒళ్ళో బెండకాయల సంచి. నా మొహం చూసి ఊరుకోలేకపోయింది.

"ఏం పరేషాన్ ఉన్నవ్ అమ్మా? ఏడికి పోతున్నవ్?"

"ఈస్టర్ పండుగకు, బిడ్డ ఇంటికి. బిడ్డ ఇంట్లనేమో ఈస్టర్ బంద్ చేసిండ్రు. చంద్రుణ్ణి సూసి వేరే పండుగ చేస్తరంట."

ఆమె పకపకా నవ్వింది. "చాంద్ లొల్లి మీ ఇంట్ల గూడ వచ్చిందా! మా మరిది ఇయ్యాలనే ఈద్ అంటడు, మా ఆయన రేపు అంటడు. నేను రెండు రోజులూ సేమియా వండుత."

"మరి తినేటోళ్ళు?"

"ఇద్దరూ రెండు రోజులూ తింటరు! లొల్లి చాంద్ మీదనే గదమ్మా, సేమియా మీద ఎవలికి లొల్లి?"

నేనూ నవ్వాను. మా ఇంట్లో లొల్లి తిండి దాకా వచ్చిందని అప్పటికి నాకు తెలియదు.

మార్తమ్మ ఆ రాత్రికి జొన్నరొట్టె, పుంటికూర పెట్టింది. ఆమెకు నోరు ఎక్కువ. రొట్టె కాలుస్తూనే మొదలుపెట్టింది.

"వదినె, నీ అల్లుని ఇంట్ల నిన్ను పంక్తిల కూసోనియ్యరు, సూస్తుండు. వాళ్ళ మందిల కలవనోళ్ళకు పస్కా రొట్టె ముట్టనియ్యరంట."

"కన్నతల్లిని గూడనా?"

"కన్నతల్లి ఏంది, కట్టుకున్నోన్ని గూడ బయట కూసోపెట్టినోళ్ళు ఉన్నరు. ఇంకోటి చెప్పనా? తోట కమిటోళ్ళు అడుగుతున్నరు, మా అన్న జాగ ఇంక ఎవలు సూస్తరని. ఈ ఏడు సుగుణ ఆడ కనపడకపోతే ఆ జాగ పోయిందనుకో."

రొట్టె సగంలోనే వదిలేశాను. నీళ్ళు తాగి పడుకున్నాను.

గడప అవతల

గురువారం పొద్దున వర్ని మీదుగా ఇంకో బస్సు పట్టుకుని బోధన్‌లో దిగాను. సీజన్ ముగింపుకు వచ్చింది. మిల్లు దారిలో చెరుకు ట్రాక్టర్లు పల్చబడ్డాయి. అయినా ఆ వాసన అట్లాగే ఉంది. కాగిన బెల్లం, మాడిన చక్కెర, మురిగిన మడ్డి, అన్నీ కలిసిన వాసన. బయటి వాళ్ళు ముక్కు మూసుకుంటారు. నాకు అది మా ఆయన అంగీ వాసన.

సుగుణ వాళ్ళది పెంకుటిల్లు. ముందు పొడుగాటి అరుగు, వాకిట్లో జామ చెట్టు. పక్కింటి లక్ష్మవ్వ వాకిలంతా ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరబోసి ఉన్నాయి. వాళ్ళు కాపు వాళ్ళు, మంచివాళ్ళు. నేను పోయేసరికి సుగుణ ఇంట్లో డబ్బాలన్నీ బయట వేసి, ఎండలో దులిపి, బూడిదతో తోముతోంది. పులిసిన దోసె పిండిని లక్ష్మవ్వ బర్రె కుడితిలో వంపేసింది. అంబలి కుండ కడిగి బోర్లించింది.

లక్ష్మవ్వ గోడ మీదుగా అరిచింది. "సూసినవా అక్కా, నీ బిడ్డ పుణ్యాన నా బర్రె దోసెలు తింటున్నది! అవునే, మీ దేవుడు ఒక్కడే అంటరు గద, మరి పండుగలు రెండెందుకే?"

"నీ బర్రెను అడుగు, తిన్నది అదే గద" అన్నాను. నవ్వు మొహంతోనే అన్నాను.

సుగుణ చెంబుతో కాళ్ళకు నీళ్ళు ఇచ్చింది. నేను కాళ్ళు కడుక్కుని, సంచి భుజాన వేసుకుని గడప మీద కాలు పెట్టబోయాను. ఆశీర్వాదం లోపలి నుంచి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. వాడు సన్నటి మనిషి, మాట కూడా సన్నం. ఊళ్ళో వాళ్ళ చెరుకు ట్రాక్టర్ నడుపుతాడు. తాగడు, నా బిడ్డను ఒక్క దెబ్బ కొట్టలేదు. అట్లాంటి వాడి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో అత్తలకు తెలుస్తుంది.

"బాగున్నవా అత్తమ్మ? సంచిల ఏమున్నది?"

"పిల్లలకు బన్నులు."

వాడు చేయి చాపాడు గానీ సంచి అందుకోలేదు. గడపకు అడ్డంగా పెట్టాడు. "తప్పు పట్టకు. ఇయ్యాల సంది ఏడు దినాలు పులిసింది ఏదీ ఇంట్లకు రావద్దు. బన్నుల పులిసిన పిండి ఉంటది గద. నువ్వు రా. సంచి బయట పెట్టు."

దవాఖానలో నేను ఎన్నో మురికి బట్టలు మోశాను. ఎవరూ నా చేతిలో మూట చూసి గడప దగ్గర ఆపలేదు.

"సంచి బయట ఉంటే నేనూ బయటనే ఉంట" అన్నాను. జామ చెట్టు కొమ్మకు సంచి తగిలించి, అరుగు మీద చతికిలబడ్డాను. సుగుణ నా వైపు చూసింది, మొగుడి వైపు చూసింది, మళ్ళీ డబ్బా తోమడం మొదలుపెట్టింది.

పొద్దుగూకేసరికి పది మంది దాకా వచ్చారు. ఆడవాళ్ళు తెల్లచీరలు కట్టుకున్నారు. అందరూ "వందనాలమ్మా" అని నాకు చేతులు జోడించి, చెప్పులు విడిచి లోపలికి పోయారు. చంద్రుడు చెరుకు తోటల మీద లేచాడు, పున్నమికి కొంచెం తక్కువగా. తలుపు మూసే ముందు ఆశీర్వాదం నా దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"అత్తమ్మ, లోపలికి వచ్చి కూసో, వాక్యం విను. రొట్టె మాత్రం పంచినప్పుడు చెయ్యి చాపకు. దేవుని నిబంధనల చేరనోళ్ళు ముట్టొద్దని గ్రంథంల ఉన్నది. నేను రాసింది కాదు."

"నేను పరాయిదాన్నా?"

వాడు నేల చూశాడు.

"నీ పెండ్లిల పళ్ళెంల నీ కాళ్ళు పెట్టించి కడిగిన చేతులు ఇవి. ఇయ్యాల నీ రొట్టెకు పనికిరాకుంట పోయినయా?"

"నీ చేతుల మాట కాదత్తమ్మ..." అన్నాడు. ఇంకా ఏదో అనబోయి, లేచి పోయాడు.

నేను లోపలికి పోలేదు. తలుపు సందులో నుంచి లాంతరు వెలుగు పడుతోంది. పాట వినిపించింది, నాకు తెలియని పాట. తర్వాత పళ్ళెంలో నీళ్ళు పోస్తున్న చప్పుడు. వాళ్ళు ఒకరి కాళ్ళు ఒకరు కడుగుతారని తర్వాత తెలిసింది. మా చర్చిలో అట్లా చేయము. మాకు రొట్టె, ద్రాక్షరసం నెల నెలా మా పాస్టరు అయ్యగారు ఇస్తారు, మోకాళ్ళూని తీసుకుంటాము. వాళ్ళకు ఏడాదికి ఒక్కసారే, ఈ ఒక్క రాత్రే. అందుకే అంత పట్టుదల అనిపించింది. అనిపించినా కోపం తగ్గలేదు.

అప్పుడే చెట్టు కింద కరకరమని చప్పుడైంది. లక్ష్మవ్వ మేక వెనక కాళ్ళ మీద లేచి నా సంచిలో తల దూర్చి ఉంది. నేను లేచి అదిలించేసరికి బన్నులు అయిపోయాయి, రెండో క్రొవ్వత్తుల పొట్లం సగం నములుతోంది. లక్ష్మవ్వ పరుగెత్తుకొచ్చి కొమ్ములు పట్టుకుని గుంజింది.

"అయ్యో, నీ పండుగ అంతా ఇదే తిన్నది గదనే! లోపలోళ్ళ పండుగకు మేకపిల్లనే కోస్తరంట గద అక్కా? పిలువు నీ అల్లున్ని, ఇద్దరి లెక్క ఒక్కసారే తీరుతది!"

నవ్వుతూ నవ్వుతూనే నాకు ఏడుపు వచ్చింది. ఆమె నా పక్కన కూర్చుంది. కొంగు అందించింది.

ప్రార్థన అయ్యాక సుగుణ పళ్ళెంలో అన్నం, పప్పు తెచ్చి నా ముందు పెట్టింది. పస్కా రొట్టె కాదు, నా కోసం వేరుగా వండిన అన్నం. "తిను అవ్వా" అంది. దాని చేతులు తడిగా ఉన్నాయి. ఎవరి కాళ్ళు కడిగిందో అడగలేదు.

శుక్రవారం మాట

శుక్రవారం మా పాత చర్చికి నడిచి పోయాను. మధ్యాహ్నం ఆరాధన ముగిసేదాకా ఉపవాసం ఉండి, తిరిగి వచ్చాను. ఆశీర్వాదం ట్రాక్టర్ కింద దూరి ఏదో బిగిస్తున్నాడు. నేను అరుగు మీద నుంచే చెప్పాను.

"రేపు సుగుణను తోటకు తీస్కపోత. సున్నం పని ఉన్నది. ఎల్లుండి తెల్లారక ముందు గూడ."

వాడు బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాడు. "అత్తమ్మ, యేసు చేసిన పండుగ ఏంది?"

"పస్కా."

"శిష్యులను చెయ్యమన్నది?"

"అదే."

"మరి ఈస్టర్ అన్న పండుగ చెయ్యమని ఏడున్నది? మీ అయ్యగారిని అడిగి చెప్పు. నేను ఏడాది సంది అడిగిన. 'పెద్దల కాలం సంది వస్తున్నది' అంటడే గాని పేజీ తీసి సూపియ్యడు."

అది నిజమే. మా అయ్యగారు నాకూ ఆ ముక్కే చెప్పాడు. కానీ నాకు ఒక సంగతి తెలుసు. చిన్నప్పటి నుంచి విన్నదే.

"ఆదివారం చీకటుండంగనే ఆడోళ్ళు యేసు సమాధి కాడికి పోయిండ్రా లేదా?"

"పోయిండ్రు."

"మరి మేము పోతే తప్పేంది?"

వాడు ఆలోచించకుండా చెప్పలేదు. మెత్తగానే చెప్పాడు. "పోయినోళ్ళకు దేవదూత ఏం చెప్పిండు అత్తమ్మ? ఆయన ఈడ లేడు, లేచిండు, ఈడ ఎతుకకుండ్రి అనే గద చెప్పిండు. ఏటేటా వచ్చి దీపం పెట్టుండ్రి అనలేదు."

వాడు గెలిచాననుకుని అనలేదు, నిజమని నమ్మి అన్నాడు. అది ఇంకా గట్టిగా తగిలింది.

"ఈడ లేడు అన్నది యేసును, కొడకా. మీ మామ ఇంకా ఆడనే ఉన్నడు."

వాడు పానా కింద పెట్టాడు. లేచి బావి దగ్గరికి పోయి చాలా సేపు చేతులు కడుక్కున్నాడు.

సమాధుల తోటలో

శనివారం హనుమాన్ జయంతి. పొద్దున్నే గుడి మైకు మోగుతోంది, కాషాయ జెండాలతో పిల్లలు తిరుగుతున్నారు. నేను సున్నం రాళ్ళ పొట్లం, బక్కెట్, కుంచె పట్టుకుని వాకిట్లో నిలబడ్డాను.

"రా బిడ్డా. వాడు పొలానికి పోయిండు. వచ్చే లోపల వద్దాం."

సుగుణ కదలలేదు. పొయ్యి దగ్గర నిలబడి పైట కొసను వేలికి చుట్టుకుంటూ ఉంది.

"అవ్వా, ఆయన నన్ను ఆపలేదు."

"మరి?"

"పోతనంటే పొమ్మన్నడు. నిన్న రాత్రి గూడ, 'మీ అవ్వ ఒక్కతే పోతది, ఆలోచన చేసుకో' అన్నడు. నేనే రానన్న. ఈ మార్గంలకు ముందు వచ్చింది ఆయన గాదు, నేను. పోయిన ఎండాకాలం వాళ్ళ కూటానికి నేనే తోల్కపోయిన ఆయనను."

బక్కెట్ నా చేతిలోనే ఉంది గానీ బరువు తెలియలేదు.

"నాకు చెప్పలేదేందే?"

"నువ్వు ఆయన మీద కోపం తెచ్చుకుంటుంటివి. నా మీద తెచ్చుకుంటే నేను తట్టుకోలేననుకున్న." వేలికి చుట్టిన పైట కొస విప్పింది. "బాపు అంటే ప్రేమ లేక కాదు అవ్వా. పస్కా రాత్రి ఆ రొట్టె తింటుంటే నాకు భయం పోతది. మనుషులు సంకెళ్ళు తెంపుకొని బయటపడ్డ రాత్రి అది. తోటల దీపం పెడితే నాకు గట్ల అనిపియ్యదు. ఎప్పుడూ అనిపియ్యలేదు. నీ కోసమే పెట్టిన ఇన్నేండ్లు."

నోరు తెరిస్తే ఏదో అనరానిదే వచ్చేది. ఒక్కదాన్నే నడిచి పోయాను.

తోటలో అందరూ కుటుంబాలతో ఉన్నారు. పిల్లలు గడ్డి పీకుతుంటే పెద్దవాళ్ళు సున్నం కలుపుతున్నారు. తోట కమిటీ పెద్దమనిషి నన్ను చూసి, "ఒక్కదానివే వచ్చినవేందమ్మా, బిడ్డ ఏది?" అని అడిగాడు. "ఇంట్ల పని ఉన్నది" అన్నాను. ఆయన మా ఆయన సమాధి వైపు, ఇక ఖాళీ మిగలని తోట వైపు చూసి తల ఊపాడు. ఆ చూపు నాకు అర్థమైంది.

ఏటేటా సున్నం కలిపేది సుగుణ. నాకు ఆ లెక్క రాదు. నీళ్ళు తక్కువ పోసి తొందరగా కలియబెట్టాను. రాళ్ళు బుసబుసా ఉడికి ఎగిసి ముంజేతి మీద చిందాయి. పక్క సమాధి వాళ్ళు పరుగున వచ్చి నీళ్ళు పోశారు. తర్వాత నీళ్ళు మరీ ఎక్కువ చేశాను. పల్చటి పాల లాంటి సున్నం, మట్టి రంగు దాచలేదు. అట్లాగే వేసి వచ్చాను.

ఆదివారం చీకటితోనే లేచాను. అరుగు మీద నుంచి దిగుతుంటే లోపల ఎవరో మేలుకొని ఉన్న చప్పుడు విన్నాను. తలుపు తెరుచుకోలేదు. తోటలో మేక మిగిల్చిన క్రొవ్వత్తులు వెలిగించాను. అందరూ పాడుతున్నారు, లేచెను లేచెను అని. నేను గొంతు కలపలేదు. మా ఆయనతో, "బిడ్డ రాలేదు. నువ్వంటే ప్రేమ లేక కాదు. ఇంకేదో దొరికింది దానికి" అని చెప్పాను. ఆయన బతికున్నప్పుడు కూడా నా మాటకు అట్లాగే ఉలకక పలకక ఉండేవాడు.

వాన

పండుగ పూట మా ఇళ్ళల్లో కోడికూర, బగారన్నం. ఆ ఇంట్లో ఆ రోజూ జొన్నరొట్టె, పప్పు. జొన్నరొట్టె పులవదు కదా, మా తాతలు ఏడాది పొడుగునా పస్కానే చేశారేమో అనుకుంటూ అరుగు మీదనే తిన్నాను. చిన్న మనవరాలు, "అమ్మమ్మా, మేక బన్నులు తిన్నదంట, ఇంక దాన్ని గూడ ఇంట్లకు రానియ్యరా?" అని అడిగింది. ఆశీర్వాదం నీళ్ళ గ్లాసు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మింది. గాలి, వెంటనే వడగళ్ళు. లక్ష్మవ్వ కేక వేసింది. ఆమె వాకిలంతా పసుపు. తడిసిందంటే రంగు పోయి మండీలో ఎవరూ అడగరు. ఆశీర్వాదం ట్రాక్టర్ తాడిపత్రి పీక్కుని పరుగెత్తాడు. సుగుణ, నేను, లక్ష్మవ్వ చీపుళ్ళతో, చేటలతో, చేతులతో కొమ్ములు కుప్ప చేశాము. తాడిపత్రి ఒక కొస నేను, ఒక కొస వాడు పట్టుకున్నాము. గాలి గుంజుతుంటే వాడు అరిచాడు, "వదలకు అత్తమ్మ, జెర గట్టిగ పట్టు!"

"నేను వదిలే రకమైతే నీ ఇంటికి వచ్చేదాన్నే కాదు!" అన్నాను.

వాన వెలిసేసరికి నలుగురం పచ్చగా ఉన్నాము. మోచేతుల దాకా పసుపే. సుగుణ తుడుచుకోవడం ఆపి, దక్షిణం వైపు చూస్తూ నిలబడింది. తోట అటే ఉంది.

"నిన్న సున్నం పల్చగ కలిపినవా?" అంది.

నేను ముంజేతి మీద బొబ్బ చూపించాను.

"అయితే ఈపాటికి కారిపోయి ఉంటది" అంది. అంతే. లోపలికి పోయింది.

సోమవారం

పొద్దున బస్సుకు పోదామని సంచి సర్దుకుంటుంటే వాకిట్లో ట్రాక్టర్ మోత వినిపించింది. దాని వెనక తొట్టిలో రాత్రే నానబెట్టిన సున్నం డ్రమ్ము, నాలుగు ఇటుకలు, కుంచెలు. సుగుణ పైకెక్కి కూర్చుని ఉంది.

"ఎక్కవ్వా. తోట మీదుగ పోయి బస్టాండుల దించుతం."

నేను ఆశీర్వాదం వైపు చూశాను. వాడు స్టీరింగు మీదనే చేతులు పెట్టి, ముందుకు చూస్తూ చెప్పాడు. "పండుగ నిన్ననే అయిపోయింది గద. ఇయ్యాల సోమారం. సమాధి మరమ్మత్తు చెయ్యొద్దని ఏడ లేదు."

దారిలో సుగుణ డ్రమ్ములో గంజి పోసి కలిపింది. గంజి పడితే సున్నం అంటుకుంటుంది, శనివారం నేను మరిచింది అదే. వాడు తల తిప్పి అడిగాడు, "అది పులిసిన గంజి కాదు గద?"

"పొద్దుగాల వార్చిందే. మూతి పెట్టి సూడు" అంది సుగుణ.

ఆ వారంలో నేను మనసారా నవ్వింది అప్పుడే.

తోటలో ఒక్కరూ లేరు. నిన్నటి పూలు బురదలో అతుక్కుని ఉన్నాయి. క్రొవ్వత్తులు కరిగి ముద్దలై ఉన్నాయి. వానకు అందరి సున్నాలూ చారలు చారలుగా కారిపోయి, ఏ సమాధి చూసినా ఏడ్చిన మొహం లాగా ఉంది. ఆశీర్వాదం ఇటుకలతో కుంగిన మూల ఎత్తు చేశాడు. సుగుణ చీర కుచ్చెళ్ళు దోపుకుని, తలాపు నుంచి కాళ్ళ దాకా ఒకే వరుసగా పూత వేసింది. చిన్నప్పటి నుంచి దాని చేయి అంతే, ఒక గీత పక్కకు పోదు. ఒక పూత ఆరాక రెండోది వేసింది. నన్ను ముట్టనివ్వలేదు.

కూర్చున్న చోటు నుంచే అడిగాను. "నేను పోయినంక?"

వాడే చెప్పాడు. "ఏటేటా పస్కా అయినంక వచ్చి ఏస్తం. కమిటీ పెద్దమనిషికి గూడ పోతపోత చెప్త. దీపం మాత్రం పెట్టం అత్తమ్మ. అబద్ధం చెప్పను."

"ఆదివారం?"

"రాము" అంది సుగుణ. మొగుడు నోరు తెరవక ముందే, నా కళ్ళలోకి చూసి చెప్పింది.

వాళ్ళు చేసేది సరైనదో, మేము చేసేది సరైనదో నాకు తెలియదు. మా అయ్యగారికి కూడా తెలియదనే నా అనుమానం. నేను బతికి ఉన్నన్నాళ్ళు ఆదివారం చీకట్లో పోతూనే ఉంటాను, దీపం పెడుతూనే ఉంటాను. నా పక్కన నా బిడ్డ ఉండదు. అది ఇప్పటికీ ముల్లులాగా గుచ్చుకుంటోంది, తీసేసుకోవడం నాకు రాలేదు. వచ్చే ఏడు బన్నులు మాత్రం కొనను. పిల్లలకు బత్తాయిలు తీసుకుపోతాను, గడప దాటి లోపల కూర్చుని నా చేత్తో ఒలిచి పెడతాను.

బస్టాండుకు పోతూ ట్రాక్టర్ మీద నుంచి వెనక్కి తిరిగి చూశాను. శనివారం అంత మంది వేసిన సున్నం వానకు పోయింది. తోట మొత్తంలో తెల్లగా ఉన్నది మా ఆయనది ఒక్కటే. ఇంకా తడిగా ఉంది.